మోసిన నలుగురి పేర్లు



వాక్యభాగం: మార్కు 2:1–12

ఈ భాగం మీలో చాలామందికి సండేస్కూలు రోజుల నుంచే తెలుసు. కపెర్నహూములో ప్రభువు ఒక ఇంట్లో ఉన్నాడని తెలిసి జనం వచ్చి వాకిలి దాకా నిండిపోయారు. పక్షవాయువుతో పడి ఉన్న ఒకణ్ణి నలుగురు మనుషులు పరుపుతో సహా మోసుకొచ్చారు. లోపలికి దారి లేదు. అప్పుడు వాళ్లు ఇంటి కప్పు మీదికెక్కి, దాన్ని విప్పి, సందు చేసి, ఆ మనిషిని పరుపుతోనే ప్రభువు ముందుకు దించారు. ప్రభువు అతని పాపాలు క్షమించాడు. లేచి, పరుపెత్తుకొని ఇంటికి పొమ్మన్నాడు. అతడు అందరూ చూస్తుండగా నడిచి వెళ్లాడు.

ప్రసంగాల్లో మనం ఎక్కువగా ఆ లేచి నడిచినవాడి గురించే చెప్పుకుంటాం. ఈ వారం నేను మోసినవాళ్ల గురించి రాస్తాను. వాళ్లు ఎంతమందో మార్కు లెక్క చెప్పాడు గాని పేర్లు చెప్పలేదు. ఆ రోగికి ఏమవుతారో కూడా చెప్పలేదు. అన్నదమ్ములు కావచ్చు, పక్కింటివాళ్లు కావచ్చు, దారిలో పిలిస్తే చెయ్యి వేసినవాళ్లు కావచ్చు. వాళ్లు నోరు తెరిచి ఒక్క మాట అన్నట్టు లేదు. మోకాళ్లూనినట్టు లేదు. బరువు మోశారు, మీదికెక్కారు, కప్పు విప్పారు, పడిపోకుండా దించారు. అయితే మార్కు ఒక సంగతి మాత్రం మరచిపోకుండా రాశాడు. ప్రభువు వాళ్ల విశ్వాసం చూశాడట. చేతులతో చేసిన పనిలో ఆయనకు విశ్వాసం కనబడింది.

అలాంటి చేతులు గల ఒక సహోదరుడు మా సంఘంలో ఉన్నాడు. ఆయన గురించి రాస్తానంటే, "రాయండి అయ్యగారూ, పేరు మాత్రం వద్దు" అన్నాడు. అందుకని నేనూ మార్కులాగే పేరు లేకుండా రాస్తున్నాను. ఆయన నాకంటే చిన్నవాడు కాబట్టి తమ్ముడనే అంటాను.

మాది కృష్ణా డెల్టాలో కాలువ గట్టున ఉన్న పల్లె. ఊరికి ఒక పక్క పెద్ద వీధులు, ఇంకో పక్క మా పాలెం. ఇప్పుడంటే చాలావరకు డాబాలు, రేకుల ఇళ్లు వచ్చాయి గాని తమ్ముడి చిన్నతనంలో పాలెమంతా తాటాకు ఇళ్లే. ఒక ఏడాది మే నెలలో, మిట్టమధ్యాహ్నం, పొయ్యిలో నుంచి లేచిన నిప్పురవ్వ ఒకటి కప్పుకు అంటుకుంది. వడగాలి తోలుతోంది. పెద్దవాళ్లంతా పనుల్లో ఉన్నారు. ఒక వరస ఇళ్లన్నీ బూడిదయ్యాయి. తమ్ముడి నాయనమ్మ మనవరాలిని బయటికి తోసి తాను వెనకబడింది. రెండు కాళ్లూ మోకాళ్ల దాకా కాలాయి. చుట్టూ చేరినవాళ్లు మంచి మనసుతోనే ఎవరికి తోచింది వాళ్లు చేశారు. ఒకరు సిరా పోశారు, ఒకరు టూత్‌పేస్టు పూశారు, ఒకరు కోడిగుడ్డు కొట్టి రాశారు. పుండ్లు చీము పట్టాయి. నెల తిరగకుండానే ఆమె ప్రభువు సన్నిధికి వెళ్లిపోయింది.

"అక్కడ అంతమంది ఉన్నారు గదా అయ్యగారూ. ఏం చెయ్యాలో తెలిసినవాడు ఒక్కడు లేకపోయాడు" అంటాడు తమ్ముడు ఇప్పటికీ. ఆ తెలిసినవాడు తానే కావాలని ఆ పసివయసులోనే అనుకున్నాడు.

2005 ఆగస్టు 15న హైదరాబాదులో 108 అంబులెన్స్ సేవ మొదలైంది. తర్వాత అది ఉమ్మడి రాష్ట్రమంతటికీ విస్తరించింది. మా మండలానికి బండి వచ్చిన తర్వాత, బీఎస్సీ చదివి ఖాళీగా ఉన్న తమ్ముడు శిక్షణ పొంది అందులో టెక్నీషియన్‌గా చేరాడు. బండిలో ఉండేది ఇద్దరే. నడిపేవాణ్ణి పైలట్ అంటారు. వెనక రోగి దగ్గర కూర్చునేవాడు టెక్నీషియన్. ఆక్సిజన్ సిలిండర్, విరిగిన ఎముక కదలకుండా కట్టే బద్దలు, మెడకు పెట్టే పట్టీ, కాన్పు సామాను, వీటి మధ్య ఆ ఇరుకు జాగాలో, గతుకుల రోడ్డు మీద ఆయన పని. ఆసుపత్రికి చేరేలోపే పుట్టిన బిడ్డలను ఎంతమందిని చేతుల్లోకి తీసుకున్నాడో లెక్క పెట్టుకోలేదు. అందులో ఒక పిల్లకు వాళ్ల అమ్మానాన్నలు ఆయన్నే పేరు పెట్టమన్నారు. కరుణ అని పెట్టాడు.

ఆ ఉద్యోగానికి జీతం ఉంది. పెద్దదేమీ కాదు. ఆయన జీవితంలో ఇంకో సగానికి జీతం లేదు. డ్యూటీ లేని రోజుల్లో మా చుట్టుపక్కల నాలుగైదు ఊళ్లలో ఎక్కడ ఇల్లు అంటుకున్నా, గడ్డివాము అంటుకున్నా, కాలువలో ఎవరు పడినా ముందు తమ్ముడికే ఫోను వస్తుంది. 101కి ఫోను చేస్తే ఫైరింజన్ వస్తుంది. ఆ సిబ్బంది ప్రాణాలకు తెగించి పని చేస్తారు. అయితే టౌను నుంచి మా ఊరికి రావాలంటే అరగంట పడుతుంది. గాలి తోలే రోజున తాటాకు ఇల్లు పది నిమిషాల్లో అయిపోతుంది. ఆ పది నిమిషాలకూ అరగంటకూ మధ్య ఊళ్లో ఎవరో ఒకరు నిలబడాలి. తమ్ముడు పాలెం నుంచి, పెద్ద వీధుల నుంచి కుర్రాళ్లను పోగుచేసి ఆ మధ్యలో నిలబెట్టాడు. కొందరు ఆపద మిత్ర శిక్షణకు వెళ్లొచ్చారు. వరదలకు, ప్రమాదాలకు ఊళ్లోవాళ్లనే సిద్ధం చేయడానికి కేంద్రం 2016లో మొదలుపెట్టిన పథకమది. మిగతావాళ్లు తమ్ముడి దగ్గరే నేర్చుకున్నారు.

వాళ్లు పని చేసే పద్ధతి నేను దగ్గరుండి చూశాను. ముందుగా ఒకడు లైన్‌మన్‌కి ఫోను చేసి కరెంటు తీయిస్తాడు. తెగిన తీగ మీద నీళ్లు పడితే ఆర్పడానికి వచ్చినవాడే పోతాడు. ఒకడు పశువుల పలుపులు కోసి వదిలేస్తాడు. ముడి విప్పుతూ కూర్చోకూడదు. ఇద్దరు తడిపిన గోనె పట్టాలు కప్పుకొని ఇంట్లో గ్యాస్ బండ ఉంటే బయటికి లాగుతారు. మిగతావాళ్లు కొక్కేలు కట్టిన పొడుగాటి వెదురుకర్రలతో గాలి వాలున ఉన్న పక్కింటి మీదికి వెళతారు. అంటుకున్న ఇంటిని చాలాసార్లు కాపాడలేం. దాని పక్క ఇంటి కప్పు లాగేస్తే మంట అక్కడితో ఆగుతుంది.

ఇక్కడే గొడవలు వస్తాయి. "కాలని ఇల్లు ఎందుకురా కూలుస్తారు?" అని ఆ ఇంటివాళ్లు అడ్డం పడతారు. ఒకసారి ఒక పెద్దమ్మ తమ్ముడి కాళ్లు పట్టుకొని వదల్లేదు. ఆయన ఆమెను రెండు చేతులా ఎత్తి చెట్టు కింద కూర్చోబెట్టి, మళ్లీ వచ్చి కప్పు లాగాడు. ఆ వరసలో తర్వాతి ఇళ్లన్నీ నిలిచాయి. మర్నాటి నుంచి ఆ కుర్రాళ్లే తాటాకు తెచ్చి ఆమెకు కప్పు వేసిచ్చారు. కపెర్నహూములో ఆ ఇల్లు ఎవరిదో గాని, కప్పు విప్పుతుంటే ఆయన కూడా ఏదో అనే ఉంటాడు. మార్కు రాయలేదు. సాయంత్రం ఆ నలుగురూ తిరిగొచ్చి కప్పు వేసిచ్చారని నేను నమ్ముతాను. వచనాల్లో లేదు గాని, అంత దూరం మోసుకొచ్చినవాళ్లు ఆ పని వదిలేసిపోయే రకం కారు.

ప్రియులారా, ఒక సంగతి సూటిగా రాయాలి. మన సంఘాల్లో జబ్బు చేస్తే ముందు అయ్యగారి దగ్గరికి తీసుకొస్తారు. అది మీ ప్రేమ, మీ విశ్వాసం. నేను కాదనను. ఒక వానాకాలం రాత్రి చేలో కాపలాకు వెళ్లిన ఒకతన్ని పాము కరిస్తే, బంధువులు అతన్ని భుజాల మీద వేసుకొని మందిరానికే తెచ్చారు. కాలికి తాడు బిగించి కట్టారు. ఇంకొకరు బ్లేడు తీశారు. నేను తమ్ముడికి కబురు చేశాను. ఆయన వచ్చి బ్లేడు లాగి పారేసి, బిగించిన తాడు సంగతి చూసుకొని, కాలు కదలకుండా వెదురుబద్దకు గుడ్డతో కట్టాడు. "నడిపించొద్దు, కొయ్యొద్దు, నోటితో పీల్చొద్దు. ఆసుపత్రిలో విషానికి విరుగుడు ఇంజెక్షన్ ఉంది. అక్కడికి ఎంత త్వరగా తీసుకెళితే అంత మంచిది" అన్నాడు. 108 బండి వచ్చింది. నేను ఆ బండిలోనే అతని తల దగ్గర కూర్చొని దారి పొడుగునా ప్రార్థించాను. అతను బతికాడు. ఇవాళ మా సంఘంలో డోలు వాయించేది అతనే.

ఆ రాత్రి అతన్ని బతికించింది ప్రార్థనా, ఇంజెక్షనా అని కొందరు అడుగుతారు. మంచి సమరయుడు గాయాల మీద నూనె, ద్రాక్షారసం పోసి కట్టాడని లూకా 10లో చదువుతున్నాం. ద్రాక్షారసం పుండును శుభ్రం చేస్తుంది, నూనె మంట తగ్గిస్తుంది. ఆ కాలానికి చేతనున్న వైద్యం అది. అది చేసినవాణ్ణే ప్రభువు మనకు మాదిరిగా చూపించాడు. ప్రార్థన చేస్తూనే 108కి ఫోను చేయండి. ఆ రెంటినీ విడదీయమని ఆయన ఎక్కడా చెప్పలేదు.

ఇప్పుడు కష్టమైన సంగతికి వస్తాను. మోసుకెళ్లిన ప్రతివాడూ లేచి నడవడు.

మూడేళ్ల కిందట దాళ్వా కోతల ముందు, పెద్ద వీధిలో ఒక రైతు పొలంలో మోటారు షెడ్డు దగ్గర గుండె పట్టుకొని కూలబడ్డాడు. తమ్ముడు ఆ రోజు ఇంట్లో ఉన్నాడు. సైకిలేసుకొని గట్టు మీద పరుగులాంటి వేగంతో వెళ్లాడు. ఆయన వెళ్లేసరికి రైతుకు తెలివి ఉంది. రెండు ముక్కలు మాట్లాడాడు కూడా. తర్వాత ఊపిరి ఆగింది. తమ్ముడు ఆయన్ను వెల్లకిలా పడుకోబెట్టి, రొమ్ము మధ్యలో అరచేతి మడమ ఆనించి నొక్కడం మొదలుపెట్టాడు. నిమిషానికి 100 నుంచి 120 సార్లు, రొమ్ము రెండంగుళాలు లోపలికి దిగేలా నొక్కాలి. 30 సార్లు నొక్కి, నోట్లో నోరు పెట్టి 2 సార్లు ఊపిరి ఊదాలి. మళ్లీ 30. చేసి చూసినవాళ్లకు తెలుస్తుంది, రెండు నిమిషాలకే చేతులు పడిపోతాయి. అక్కడ ఇంకో తెలిసినవాడు లేడు. బండి వచ్చేదాకా ఇరవై నిమిషాలు తమ్ముడు ఒక్కడే చేశాడు. ఆ రైతు దక్కలేదు.

ఆ ఇంట్లో మా పాలెం కూలీలకు గ్లాసులు వేరుగా ఉండేవి. అరుగు దాటి లోపలికి వెళ్లడం లేదు. ఈ సంగతి తమ్ముడు నాకు చెప్పలేదు, చెప్పడు కూడా. ఊళ్లో అందరికీ తెలిసిందే కాబట్టి నేను రాస్తున్నాను. ఆ రోజు ఆ గట్టు మీద పాలెం మనిషి ఊపిరి ఆ పెద్దమనిషి రొమ్ములోకి వెళ్లింది.

ఆ రాత్రి పదకొండు గంటలకు తమ్ముడు మా ఇంటికి వచ్చాడు. చేతులు ఇంకా వణుకుతున్నాయి. "ఇక నావల్ల కాదు అయ్యగారూ. ఎంతమందినని ఇలా చేతుల్లో పోగొట్టుకోను?" అన్నాడు. అదొక్కటే కాదు. ఆ నెలలో రోడ్డు ప్రమాదంలో ఇద్దరు చదువుకునే పిల్లలు బండిలోనే పోయారు. పురుగుమందు తాగిన ఒక చిన్నకారు రైతు ఆసుపత్రి గేటు దగ్గర పోయాడు. ఇవన్నీ లోపల పెట్టుకొని ఆయన ఆదివారాలు వచ్చి చివరి బల్ల మీద కూర్చుంటున్నాడు.

నేను వాక్యం తెరవలేదు. పాస్టరమ్మ అన్నం పెట్టింది. పచ్చి పులుసు, ఎండుచేపలు. తిన్నాడు. వరండాలో మంచం వేస్తే పడుకొని తెల్లవారి ఎనిమిది దాకా నిద్రపోయాడు. ఏలీయా బదరీవృక్షం కింద పడుకొని తన ప్రాణం తీసేయమన్నప్పుడు, దేవుని దూత ఆయనకు ముందుగా రొట్టె, నీళ్లు పెట్టింది. తినిపించి నిద్రపోనిచ్చింది. మళ్లీ లేపి తినిపించింది. దేవుడు మాట్లాడింది ఆ తర్వాత, కొండ దగ్గర. ఈ వరస 1 రాజులు 19లో ఉంది. ఇతరులను మోసేవాళ్లు మీ ఇంటికి అలసిపోయి వస్తే ఈ వరస మార్చకండి.

రైతు ఇంట్లో పెద్దకర్మ అయిన నాలుగో రోజు సాయంత్రం, ఆయన భార్య కొడుకును వెంటబెట్టుకొని తమ్ముడి ఇంటికి వచ్చింది. పాలెంలోకి ఆమె రావడం మాలో ఎవరూ అంతకుముందు చూడలేదు. నేను అప్పుడు ఆ పక్కింట్లో కుటుంబ ప్రార్థనకు వెళ్లి ఉన్నాను. ఆమె అరుగు మీద కూర్చుంది. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత అడిగింది.

"బాబూ, చివర్లో ఆయన ఏమైనా అన్నారా?"

తమ్ముడు తల వంచుకొని, "అన్నారమ్మా. మోటారు కట్టెయ్యమన్నారు. నీళ్లు వృథాగా పోతున్నాయన్నారు" అన్నాడు.

ఆమెకు నవ్వు, ఏడుపు కలిసి వచ్చాయి. "అంతే. ఆయన అదే అంటారు. ఇంకేమంటారు!" అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "కట్టావా మరి?" అని అడిగింది. "కట్టానమ్మా. బండి వెళ్లిపోయాక మళ్లీ వెళ్లి కట్టొచ్చాను" అన్నాడు.

ఆమె కళ్లు తుడుచుకొని, తమ్ముడి భార్య వైపు తిరిగి, "అమ్మాయ్, కాసిని మంచినీళ్లియ్యి" అంది. బిందెలో నుంచి ముంచిచ్చిన గ్లాసు నీళ్లు అక్కడే కూర్చొని తాగింది. సమరయ స్త్రీని ప్రభువు నీళ్లడిగిన సంగతి యోహాను 4లో మీరు చదివే ఉంటారు. నేను ఆ భాగం మీద ఎన్నోసార్లు ప్రసంగించాను. ఆ సాయంత్రం చూసినంత స్పష్టంగా ఎప్పుడూ చూడలేదు.

బతికించలేకపోయానని తమ్ముడు కుమిలిపోయాడు. అయితే ఆ మనిషి చివరి మాట ఆయన దగ్గర దాచి ఉంది. చనిపోయేటప్పుడు ఆమె భర్త ఒంటరిగా లేడని, ఒక మనిషి చెయ్యి ఆయన రొమ్ము మీద ఉందని ఆమెకు తెలిసింది. మోసేవాళ్ల పనిలో ఇది కూడా ఒక భాగం. మర్నాడు తమ్ముడు డ్యూటీకి వెళ్లాడు.

ఇంకో విషయం. తమ్ముడు మందిరంలో ఎప్పుడూ తలుపు దగ్గర చివరి బల్ల మీదే కూర్చుంటాడు. ఫోను ఆపడు. ప్రసంగం మధ్యలో మోగుతుంది, చెప్పులు చేత పట్టుకొని బయటికి పరుగెత్తుతాడు. ప్రభు బల్ల వేళ కూడా ఒకసారి అలాగే వెళ్లాడు. సంఘపెద్దల్లో ఒకాయనకు ఇది నచ్చలేదు. "దేవుని సన్నిధిలో ఉన్నప్పుడైనా ఆ ఫోను కట్టెయ్యాలి గదా" అని కమిటీలో పెట్టాడు. ఆయన భక్తిగల మనిషి. ఆరాధన చెదరకూడదని ఆయన బాధ. మేము లూకా 14 చదివాం. విశ్రాంతిదినాన ఎద్దు గుంటలో పడితే మీలో ఎవడు వెంటనే పైకి తీయడని ప్రభువు అడిగిన ప్రశ్న అక్కడ ఉంది. చదివాక ఆ పెద్దాయనే, "అయితే ఆ చివరి బల్ల ఆయనకే వదిలేద్దాం. తలుపు దగ్గర చెప్పుల కుప్ప లేకుండా చూద్దాం, కాలికి అడ్డం" అన్నాడు. సమరయుడు పూటకూళ్లవాడికి రెండు దేనారాలు ఇచ్చాడు గదా, మేమూ నెలకొక ఆదివారం కానుక విడిగా తీసి స్ట్రెచరు, గోనె పట్టాలు, టార్చిలైట్లు, కాలిన గాయాలకు కప్పే శుభ్రమైన గుడ్డలు కొన్నాం. అవి మందిరం గదిలోనే ఉంటాయి. తాళంచెవి మూడు ఇళ్లలో ఉంటుంది.

ఏప్రిల్ 14న మా పాలెంలో అంబేద్కర్ గారి విగ్రహానికి దండలు వేస్తాం. అదే రోజు దేశంలోని ఫైర్ స్టేషన్లలో సిబ్బంది మౌనంగా నిలబడతారని చాలామందికి తెలియదు. 1944 ఏప్రిల్ 14న బొంబాయి విక్టోరియా డాక్‌లో, పత్తి బేళ్లూ పేలుడు సామగ్రీ కలిపి ఎక్కించుకున్న ఫోర్ట్ స్టికిన్ అనే ఓడకు నిప్పంటుకుంది. ఆర్పడానికి వెళ్లిన అగ్నిమాపక సిబ్బందిలో 66 మంది ఆ పేలుళ్లలో చనిపోయారు. వాళ్ల జ్ఞాపకంగానే ఆ రోజు నుంచి వారం పాటు అగ్నిమాపక వారోత్సవాలు జరుపుతారు. మా పాలెంలో ఇప్పుడు ఆ రోజు రెండు పనులూ చేస్తున్నాం. పొద్దున దండలు వేస్తాం, సాయంత్రం తమ్ముడు ఊరందరికీ మంటలార్పడం, రొమ్ము నొక్కడం నేర్పిస్తాడు. 1927లో మహద్‌లో చెరువు నీళ్లు తాగే హక్కు కోసం అంబేద్కర్ గారు జనాన్ని నడిపించారు. ఇల్లు అంటుకున్న రోజున మా ఊళ్లో ఏ బావి నీళ్లు ఎవరు తోడారని ఎవరూ అడగరు. మిగతా రోజుల్లో కూడా అడగకుండా ఉండాలని మా ప్రార్థన.

దూరదేశంలోని ఒక సేవకుడి గురించి కూడా చెప్పాలి. అమెరికాలో మంటలార్పేవాళ్లలో సగం కంటే ఎక్కువమంది జీతం లేని వాలంటీర్లే. చిన్న ఊళ్లలో రైతులు, కొట్లవాళ్లు, బడి పంతుళ్లు గంట మోగితే పని వదిలి పరుగెత్తుతారు. న్యూయార్కు వంటి మహానగరంలో మాత్రం జీతం ఉన్న సిబ్బంది ఉంటారు, వాళ్ల కోసం ప్రార్థించే సేవకులూ ఉంటారు. ఫాదర్ మైకల్ జడ్జ్ అనే ఫ్రాన్సిస్కన్ గురువు అలాంటివాడు. 2001 సెప్టెంబర్ 11న జంట టవర్ల మీద దాడి జరిగినప్పుడు ఆయన తన మనుషులతోపాటు లోపలికి వెళ్లాడు. ఒక టవరు కూలినప్పుడు పక్క టవరులో చనిపోయాడు. ఆయన్ను ఒక కుర్చీలో కూర్చోబెట్టి కొందరు మోసుకొస్తున్న ఫొటో లోకమంతా చూసింది. వాళ్లు ఆయన్ను దగ్గరలోని చర్చికి తీసుకెళ్లి బలిపీఠం ముందు పడుకోబెట్టారు. ఆ ఫొటో చూసినప్పుడల్లా నాకు కపెర్నహూము గుర్తొస్తుంది. ఆ మనుషులకు ఆయన్ను ఎక్కడ దించాలో ఎవరూ చెప్పలేదు. వాళ్లకే తెలిసింది.

మన దేశంలో దెబ్బ తగిలినవాణ్ణి ముట్టుకోవడానికి జనం భయపడతారు. పోలీసు స్టేషను, కోర్టు, సాక్ష్యాలు అని. ఆ భయం ఇక అక్కర్లేదు. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టంలో 134ఏ అనే సెక్షను చేర్చారు. రోడ్డు ప్రమాదంలో గాయపడినవాడికి మంచి మనసుతో, ప్రతిఫలం ఆశించకుండా సాయం చేసినవాడి మీద కేసులు ఉండవు. పేరు చెప్పమని కూడా బలవంతపెట్టకూడదు. ఆ చట్టం అలాంటివాడికి పెట్టిన పేరు ఏమిటో తెలుసా? మంచి సమరయుడు. ప్రభువు చెప్పిన ఉపమానం మన దేశపు చట్టపుస్తకంలోకి వచ్చి కూర్చుంది. మనం ఆ పుస్తకాన్ని ఆదివారం ఆదివారం చదివేవాళ్లం. రోడ్డు పక్కన దాటిపోయేవాళ్లలో మనం ఉండకూడదు.

ఈ వారం ప్రతి కుటుంబం ఈ నాలుగు పనులు చేయమని అడుగుతున్నాను.

1. 108, 101 నంబర్లు ఇంట్లో పిల్లలకు కూడా కనబడేలా గోడ మీద రాయండి. ఊరి పేరుతోపాటు ఏ గుర్తు దగ్గరికి రావాలో పిల్లల చేత చెప్పించి చూడండి.

2. కాలితే సిరా, పేస్టు, పిండి, ఐసు ఏవీ వద్దు. ధారగా పడే చల్లని నీళ్ల కింద 20 నిమిషాలు ఉంచండి. అంటుకుపోయిన బట్ట పీకకండి. శుభ్రమైన గుడ్డ కప్పి ఆసుపత్రికి తీసుకెళ్లండి.

3. పురుగుమందు తాగినవాడికి ఉప్పునీళ్లు తాగించి కక్కించకండి. ఆ మందు డబ్బా వెంట తీసుకెళ్లి డాక్టరుకు చూపించండి. బతికి వచ్చాక అతన్ని తిట్టకండి, పక్కన కూర్చోండి.

4. మీ ఊళ్లో మోసేవాళ్లు ఎవరో కనిపెట్టండి. ఆశా కార్యకర్త కావచ్చు, 108 పైలట్ కావచ్చు, లైన్‌మన్ కావచ్చు. ఈ ఆదివారం వాళ్లకు ఒక పూట భోజనం పెట్టండి. వాళ్లు చెప్పుకుంటే వినండి. చెప్పకపోతే అడగకండి.

పక్షవాయువుగలవాడు ఆ రోజు తన పరుపు తానే మోసుకొని ఇంటికి వెళ్లాడు. తర్వాత అతడు ఏం చేశాడో మనకు తెలియదు. ఆ పరుపు ఒక మూలన ఉండి ఉంటుంది. పక్క వీధిలో ఎవరైనా పడిపోయారని కబురు వస్తే, దాన్ని తీసుకొని వెళ్లిన నలుగురిలో అతడూ ఒకడై ఉండాలని నా ఆశ. మనల్ని కూడా ఎవరో ఒకరు మోసుకొచ్చే ప్రభువు ముందు దించారు. ఒక తల్లి, ఒక సండేస్కూలు టీచరు, పేరు గుర్తులేని ఒక బైబిల్ స్త్రీ. ఇప్పుడు బరువు మన వంతు.

ప్రార్థిద్దాం.

ప్రభువా, ఈ రాత్రి ఎక్కడో రోడ్డు మీద పరుగెత్తుతున్న బండిలో, వెనక కూర్చొని ఒక మనిషి నాడి పట్టుకొని ఉన్నవాణ్ణి జ్ఞాపకం చేసుకోండి. బండి నడిపేవాడి కళ్లకు వెలుగివ్వండి. మంటల్లోకి వెళ్లేవాళ్లను మళ్లీ వాళ్ల పిల్లల దగ్గరికి చేర్చండి. దక్కనివారిని తలచుకొని నిద్రపట్టనివాళ్లకు రొట్టె, నీళ్లు, నిద్ర ఇవ్వండి. మా చేతులు ఎవరినీ ముట్టుకోవడానికి వెనుకాడకుండా చేయండి. మేము ఎరుగని వారి పేర్లన్నీ మీరు ఎరుగుదురు. మీ కుమారుడైన యేసుక్రీస్తు నామంలో వేడుకొంటున్నాము తండ్రీ, ఆమేన్.